ఇరవై ఒకటవ జంట – జెరోమ్ లెజ్యూన్ జీవితం

తల్లి గర్భంలోని శిశువును గురించి పుట్టుకకు ముందే తెలుసుకోవాలనే కోరిక మానవజాతికి అనాదిగా ఉన్నది. గర్భస్థుడై ఉండగానే నారదుని ఉపదేశం విన్న ప్రహ్లాదుని కథ, పద్మవ్యూహ ప్రవేశాన్ని ఆలకించిన అభిమన్యుని కథ మనకు సుపరిచితాలు. తండ్రి శాపం వల్ల ఎనిమిది వంకరలతో జన్మించి, జనకుని సభలో మహాపండితుణ్ణి ఓడించిన అష్టావక్రుని కథ కూడా మన ఇతిహాసంలోనిదే. కడుపులోని బిడ్డ వినగలదనీ, నేర్వగలదనీ, అంగవైకల్యంతో పుట్టినా లోకానికి వెలుగు కాగలదనీ ఆ కథలు చెబుతాయి. ఇరవయ్యవ శతాబ్దంలో శాస్త్రం గర్భాలయపు తలుపులు నిజంగానే తెరిచింది. లోపల ఉన్న శిశువు జన్యురూపం ఎటువంటిదో చూడగలిగింది. చూసిన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం మనిషికే మిగిలింది. ఆ తలుపులు తెరిచిన వారిలో ఒకడై, ఆ ప్రశ్న భారాన్ని జీవితాంతం మోసిన వైద్యశాస్త్రవేత్త జెరోమ్ లెజ్యూన్.

లెజ్యూన్ 1926 జూన్ 13వ తేదీన ఫ్రాన్సు రాజధాని పారిస్ పొలిమేరలోని మోంట్రూజ్ పట్టణంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన కౌమారం గడిచింది. ఆ రోజులలోనే ప్రసిద్ధ ఫ్రెంచి రచయిత బాల్జాక్ ఒక పల్లెటూరి వైద్యుని గురించి రచించిన నవల ఆయనను ఎంతగానో ఆకర్షించింది. పేదల నడుమ నివసించి వారి రోగాలను, వారి బ్రతుకులను కూడా బాగుచేసిన ఆ కథానాయకుని వలె తాను కూడా గ్రామీణ వైద్యుడు కావాలని ఆ బాలుడు కలలు కన్నాడు. 1951లో వైద్యవిద్య ముగించాడు. మరుసటి ఏడాది డెన్మార్కు దేశీయురాలైన బిర్తేను వివాహం చేసుకున్నాడు. ఆ దంపతులకు ఐదుగురు సంతానం. అయితే పల్లెకు వెళ్ళవలసిన ఆ వైద్యుణ్ణి రేమండ్ తుర్పాన్ అనే ఆచార్యుని పిలుపు పారిస్‌లోనే నిలిపివేసింది.

తుర్పాన్ పిల్లల వైద్యంలో ఆరితేరినవాడు. ఆయన ఆసుపత్రికి ఒక ప్రత్యేకమైన ముఖవర్చస్సు గల పిల్లలు తరచుగా వచ్చేవారు. గుండ్రని ముఖం, పైకి వాలిన కన్నులు, చిన్న చెవులు, మెత్తని కండరాలు, ఆలస్యంగా వికసించే బుద్ధి వారి లక్షణాలు. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ స్థితిని వర్ణించి, ఆ పిల్లలను మంగోలు జాతితో పోల్చాడు. ఆ పోలికకు ఏ ఆధారమూ లేదు. అయినా ఆ పేరు దాదాపు వందేళ్ళు నిలిచింది. కారణం తెలియని చోట అపోహలు మొలకెత్తడం సహజం. తల్లిదండ్రులకు సుఖరోగమున్నదనీ, తండ్రి త్రాగుబోతు అనీ, ఇది చేసిన పాపానికి ఫలమనీ లోకం నిందించేది. బిడ్డ వైకల్యం ఒక దుఃఖం కాగా, లోకనింద దానికి తోడైన రెండవ దుఃఖం. ఎందరో తల్లిదండ్రులు ఆ బిడ్డలను ఇంట దాచేవారు. లేదా ఏదో ఒక ఆశ్రమంలో వదిలివేసేవారు. యువకుడైన లెజ్యూన్ ఆ పిల్లల అరచేతి రేఖలను శ్రద్ధగా పరిశీలించాడు. అవి ఇతరుల రేఖల కంటె భిన్నంగా ఉండడం గమనించాడు. అరచేతి రేఖలు పిండదశలోనే ఏర్పడతాయి. కనుక ఈ స్థితికి మూలం పుట్టుక తరువాత కాదు, గర్భంలోనే ఉన్నదని ఆయన గ్రహించాడు.

ఆ మూలం జీవకణంలోని క్రోమోజోములలో ఉండవచ్చునని తుర్పాన్ అంతకు పూర్వమే ఊహించాడు. కాని ఆ కాలంలో మనిషి క్రోమోజోములను సరిగా లెక్కించడమే సాధ్యం కాలేదు. మనుష్య కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని మూడు దశాబ్దాలకు పైగా పాఠ్యగ్రంథాలు బోధించాయి. 1956లో స్వీడన్ దేశంలో పనిచేస్తున్న జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే శాస్త్రజ్ఞులు వాటి సంఖ్య 46 అనీ, అవి 23 జంటలనీ నిరూపించారు. సరిగ్గా ఆ సమయంలోనే మార్త్ గోతియే అనే యువ వైద్యురాలు అమెరికాలో ఒక సంవత్సరం గడిపి, కణాలను పరీక్షనాళికలలో పెంచే విద్యను నేర్చి పారిస్‌కు తిరిగి వచ్చింది. తుర్పాన్ బృందంలో చేరి ఒక చిన్న ప్రయోగశాలను తానే నెలకొల్పింది. నిధులు లేవు. కణాల పోషణకు అవసరమైన రక్తరసాన్ని తన రక్తం నుంచే తీసుకునేది. ఆ విధంగా పెంచిన కణాలలో, ఆ పిల్లలకు 46కు బదులు 47 క్రోమోజోములు ఉన్న సంగతి 1958లో బయటపడింది.

గోతియే ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని ఛాయాచిత్రాలు తీయడానికి అనువైనది కాదు. అందువల్ల ఆమె తన గాజుపలకలను లెజ్యూన్‌కు అప్పగించింది. ఆయన వాటిని ఛాయాచిత్రాలుగా తీసి, విశ్లేషించి, అదే సంవత్సరం కెనడాలోని మాంట్రియల్ నగరంలో శాస్త్రజ్ఞుల ఎదుట వెల్లడించాడు. 1959 జనవరి 26వ తేదీన ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడిన వ్యాసంలో లెజ్యూన్ పేరు మొదట, గోతియే పేరు రెండవదిగా, తుర్పాన్ పేరు మూడవదిగా కనిపించాయి. గోతియే పేరు తప్పుగా అచ్చయింది కూడా. రెండు ఉండవలసిన ఇరవై ఒకటవ క్రోమోజోము ఈ పిల్లలలో మూడు ఉంటుందని తరువాత స్థిరపడింది. కీర్తి అంతా చాలాకాలం లెజ్యూన్‌కే దక్కింది. యాభై ఏళ్ళ తరువాత 2009లో గోతియే తన పాత్రను లోకానికి వివరించింది. 2014లో ఫ్రాన్సు జాతీయ వైద్య పరిశోధన సంస్థకు చెందిన నైతిక సంఘం, ఆ ఆవిష్కరణలో లెజ్యూన్ పాత్ర ప్రధానమైనదై ఉండే అవకాశం తక్కువని అభిప్రాయపడింది. 2022లో గోతియే కన్నుమూసింది. మహనీయుల జీవితాలు చదివేటప్పుడు వెలుగుతో పాటు నీడను కూడా చూడడం న్యాయం.

ఏది ఏమైనా ఆ ఆవిష్కరణ వైద్యచరిత్రలో ఒక మైలురాయి. మనుష్యులలో ఒక మేధో వైకల్యానికి క్రోమోజోముల మార్పు కారణమని తేలడం అదే మొదటిసారి. దాని ఫలితం ప్రయోగశాల గోడలు దాటి సామాన్య కుటుంబాలకు చేరింది. అండం గాని, శుక్రకణం గాని ఏర్పడే వేళ ఒక జంట విడిపోవడంలో జరిగే పొరపాటే దీనికి మూలమని తెలిసింది. అందులో తల్లి తప్పు లేదు, తండ్రి పాపం లేదు. తల్లి వయస్సు పెరిగే కొద్దీ ఆ పొరపాటుకు అవకాశం పెరుగుతుందని లెక్కలు చెప్పాయి. ఇరవై ఐదేళ్ళ తల్లులలో సుమారు 1,250 మందికి ఒకరికి, ముప్పై ఐదేళ్ళ వయస్సులో సుమారు 350 మందికి ఒకరికి, నలభై ఏళ్ళకు సుమారు వందమందికి ఒకరికి అటువంటి బిడ్డ పుట్టవచ్చు. మంగోలు అనే అవమానకరమైన పేరును విడిచిపెట్టాలని 1961లో కోరిన శాస్త్రజ్ఞులలో లెజ్యూన్ కూడా ఉన్నాడు. క్రమంగా డౌన్ సిండ్రోమ్ అనే పేరు స్థిరపడింది. 1962లో అమెరికాలోని కెనెడీ సంస్థ ఆయనను పురస్కారంతో గౌరవించింది. 1963లో ఐదవ క్రోమోజోములో కొంత భాగం లోపించడం వల్ల కలిగే మరొక వ్యాధిని ఆయన బృందం గుర్తించింది. ఆ శిశువుల ఏడుపు పిల్లికూన అరుపును పోలి ఉండడం వల్ల దానికి ఆ పేరే పెట్టారు. 1964లో పారిస్ వైద్య కళాశాలలో జన్యుశాస్త్ర ఆచార్య పీఠం ఆయనను వరించింది.

ఇంతవరకు ఆయన జీవితం విజయపరంపర. ఇక్కడి నుంచి ఒక ధర్మసంకటం మొదలయింది. గర్భంలో శిశువు చుట్టూ ఉండే ఉమ్మనీటిలో శిశువు చర్మం నుంచి రాలిన కణాలు తేలుతూ ఉంటాయి. 1966లో ఆ కణాలను పెంచి క్రోమోజోములు లెక్కించవచ్చునని అమెరికా వైద్యులు చూపించారు. ఆ తరువాత కొద్ది కాలానికే గర్భస్థ శిశువులో డౌన్ సిండ్రోమ్‌ను గుర్తించారు. నాలుగవ నెల దాటాక సన్నని సూదిని తల్లి ఉదరం గుండా పంపి కొద్దిపాటి ఉమ్మనీటిని తీయడం ఈ పరీక్షా విధానం. దీనివల్ల కొందరికి గర్భస్రావం కలిగే ప్రమాదముంది. రెండు వందల మందిలో ఒకరికి ఆ ముప్పు ఉండవచ్చునని పూర్వపు వైద్యగ్రంథాలు చెప్పేవి. స్కానింగు యంత్రపు సాయంతో సూదిని నడిపించే నేటి కాలంలో అది అంతకంటె తక్కువని ఇటీవలి పరిశీలనలు తెలుపుతున్నాయి. తక్కువే కాని శూన్యం కాదు. మరొక కష్టం కూడా ఉన్నది. కణాలు పెరిగి ఫలితం రావడానికి ఆ రోజులలో రెండు మూడు వారాలు పట్టేది. ఈలోగా తల్లికి బిడ్డ కదలిక తెలియవచ్చేది. కడుపులో తన్నుతున్న బిడ్డను గురించి కాగితం మీద వచ్చే తీర్పు కోసం ఎదురుచూడడం ఆమెకు ఎంతటి పరీక్షో ఊహించవచ్చు.

పరీక్ష వల్ల మేలు కూడా తక్కువది కాదు. అనుమానంతో నలిగిపోయే తల్లులలో అత్యధికులకు బిడ్డ క్రోమోజోములు సరిగానే ఉన్నాయన్న ఊరట లభిస్తుంది. వైకల్యముందని తెలిసిన వారికి మనస్సును, ఇంటిని సిద్ధం చేసుకునే వ్యవధి దొరుకుతుంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లలలో సుమారు సగం మందికి గుండెలో లోపముంటుంది. ముందే తెలిస్తే గుండె వైద్యులు ఉన్న ఆసుపత్రిలో కాన్పు జరిపించుకోవచ్చు. మొదటి బిడ్డ కఠినమైన వంశపారంపర్య వ్యాధితో కన్నుమూసిన దంపతులు, పరీక్ష అందుబాటులో ఉన్నదన్న ధైర్యంతోనే మరొక బిడ్డను కనడానికి సాహసించారు. అదే సమయంలో, వైకల్యమున్నదని తెలిసిన పెక్కుమంది దంపతులు గర్భవిచ్ఛిత్తిని ఎంచుకున్నారు. చికిత్స లేని చోట, బిడ్డను జీవితమంతా సాకే స్తోమత లేని చోట, అది తమ హక్కని వారు భావించారు. వారి దుఃఖాన్ని తేలికగా చూడడం ఎవరికీ తగదు.

లెజ్యూన్ ఈ పరిణామానికి తల్లడిల్లిపోయాడు. తాను ఎవరికి వైద్యం చేయాలని ఆ పరిశోధనకు పూనుకున్నాడో, ఆ పిల్లలను పుట్టకుండా చేయడానికే ఆ జ్ఞానం ఉపయోగపడుతున్నదని ఆయనకు తోచింది. ఆయన నిష్ఠగల కాథలిక్కు. కాని తన వాదాన్ని మతం మీద మాత్రమే నిలబెట్టలేదు. రోగాన్ని తొలగించడం వైద్యమే కాని రోగిని తొలగించడం వైద్యం కాదని ఆయన సిద్ధాంతం. 1969లో అమెరికా మానవ జన్యుశాస్త్ర సంఘం తన అత్యున్నతమైన విలియం అలెన్ పురస్కారాన్ని ఆయనకు శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ప్రదానం చేసింది. ఆ సభలో ఆయన తన అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా ప్రకటించాడు. అంతవరకు ఆదరించిన సభ మౌనం వహించింది. ఆనాటితో నోబెల్ బహుమతి తనకు దూరమైనదని ఆయన భార్యకు ఉత్తరం వ్రాసినట్లు జీవితచరిత్రకారులు పేర్కొన్నారు.

1975 జనవరి 17వ తేదీన ఫ్రాన్సులో గర్భవిచ్ఛిత్తిని అనుమతించే చట్టం వచ్చింది. నాటి ఆరోగ్యమంత్రి సిమోన్ వేల్ దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టింది. నాటు పద్ధతులలో ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీలను కాపాడాలన్నది ఆమె వాదం. శిశువుకు నయం కాని తీవ్రవ్యాధి సోకే అవకాశముందని ఇద్దరు వైద్యులు నిర్ధారిస్తే, గర్భవిచ్ఛిత్తికి కాలపరిమితి లేకుండా ఆ చట్టం వీలు కల్పించింది. లెజ్యూన్ ఊరూరా తిరిగి ఆ చట్టాన్ని వ్యతిరేకించాడు. ఆయనను గౌరవించినవారే ఆయనకు దూరమయ్యారు. స్త్రీ పడే కష్టాన్ని ఆయన తగినంతగా లెక్కలోకి తీసుకోలేదని విమర్శించినవారున్నారు. బలహీనుల పక్షాన నిలబడ్డ ధీరుడని కొనియాడినవారూ ఉన్నారు. ఆ రెండు మాటలలోనూ కొంత సత్యమున్నది.

వాదవివాదాల నడుమ ఆయన తన ఆసుపత్రిని ఏనాడూ విడువలేదు. పారిస్‌లోని నెకేర్ పిల్లల ఆసుపత్రిలో వేలాది కుటుంబాలు ఆయన వద్దకు వచ్చేవి. వచ్చిన ప్రతి బిడ్డను పేరు పెట్టి పలకరించడం ఆయనకు అలవాటు. బిడ్డ ఏమి చేయలేడో చెప్పడానికి ముందు ఏమి చేయగలడో చెప్పేవాడు. అదనపు క్రోమోజోము వల్ల శరీరంలోని రసాయన చర్యలు ఎలా తప్పటడుగు వేస్తాయో తెలిస్తే, మందుతో వాటిని సరిదిద్దవచ్చునని నమ్మి దశాబ్దాలపాటు శ్రమించాడు. ఆ మందు ఆయనకు దొరకలేదు. నేటికీ దొరకలేదు. కాని మరొక దారిలో ఆయన ఆశ కొంత ఫలించింది. గుండె శస్త్రచికిత్సలు, సూక్ష్మజీవనాశక మందులు, ఇంటివద్ద పెంపకం, బడి చదువు తోడై, అప్పట్లో పసితనంలోనే రాలిపోయే ఆ పిల్లలు నేడు అభివృద్ధి చెందిన దేశాలలో సగటున అరవై ఏళ్ళ వరకు జీవిస్తున్నారు. 1994లో పోప్ రెండవ జాన్ పాల్ కొత్తగా నెలకొల్పిన జీవన పరిరక్షణ అకాడమీకి ఆయనను తొలి అధ్యక్షునిగా నియమించాడు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను కబళించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 3వ తేదీన, ఈస్టరు పండుగనాడు, ఆయన తుదిశ్వాస విడిచాడు.

ఆయన మరణించిన ఏడాదే మన దేశంలో కూడా గర్భస్థ పరీక్షల చరిత్ర ఒక మలుపు తిరిగింది. 1970ల నడుమ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జన్యులోపాలను గుర్తించడానికి ఉమ్మనీటి పరీక్ష మొదలయింది. క్రోమోజోములతో పాటు బిడ్డ ఆడో మగో కూడా ఆ పరీక్ష చెప్పగలదు. రోగం కోసం వచ్చిన పరీక్ష లింగం కోసం వాడబడింది. ఆడపిల్ల కావడమే వైకల్యమైనట్లు గర్భాలు తొలగించబడ్డాయి. దీనిని అరికట్టడానికి 1994 సెప్టెంబరు 20వ తేదీన గర్భస్థ పరీక్షల నియంత్రణ చట్టం వచ్చింది. అది 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, 2003లో మరింత కట్టుదిట్టమయింది. అయినా ఆరేళ్ళలోపు పిల్లలలో వేయిమంది బాలురకు 1991లో 945 మంది బాలికలుండగా, 2001 జనాభా లెక్కలలో ఆ సంఖ్య 927కు పడిపోయింది. ఏ మేలు కోసం పుట్టిన జ్ఞానమైనా, సమాజంలో ఉన్న పక్షపాతం చేతికి చిక్కితే ఎలా వక్రిస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన దృష్టాంతం అక్కరలేదు. ఆ చట్టంలో ఒక చక్కని నియమమున్నది. పరీక్ష వల్ల కలిగే దుష్ఫలితాలన్నిటినీ గర్భిణికి వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో వ్రాతపూర్వకమైన అంగీకారం తీసుకోవాలి. తెలుగు తల్లికి ఆ వివరణ తెలుగులోనే అందాలన్నమాట.

లెజ్యూన్ చూడని కాలంలో పరీక్షలు మరింత సులభమయ్యాయి. తల్లి రక్తంలో గర్భస్థ శిశువుకు సంబంధించిన జన్యుపదార్థపు తునకలు తిరుగుతుంటాయని 1997లో డెన్నిస్ లో బృందం కనుగొన్నది. 2011 నుంచి కొద్దిపాటి రక్తంతో చేసే పరీక్ష వాడుకలోకి వచ్చింది. దీనివల్ల గర్భస్రావ భయం లేదు. అయితే ఇది అనుమానాన్ని సూచించే పరీక్షే గాని నిర్ధారించేది కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. పదివేల మంది గర్భిణులలో పదిమంది శిశువులకు డౌన్ సిండ్రోమ్ ఉన్నదనుకుందాం. పరీక్ష ఆ పదిమందినీ పట్టుకుంటుందనీ, మిగిలినవారిలో వేయిమందికి ఒకరి విషయంలో పొరబడుతుందనీ అనుకుందాం. అప్పుడు మరో పదిమందికి కూడా లోపమున్నట్లు ఫలితం వస్తుంది. అంటే వైకల్యమున్నదని విన్న ఇరవై మంది తల్లులలో పదిమంది బిడ్డలకు ఏ లోపమూ లేదు. ఈ సంగతి తెలియక తొందరపడితే జరిగే అనర్థం దిద్దుకోలేనిది. అందువల్లనే నిర్ధారణ కోసం ఉమ్మనీటి పరీక్ష వంటివి చేయించుకోకుండా నిర్ణయానికి రాకూడదని వైద్యులు హెచ్చరిస్తారు.

లాభనష్టాలను తూచడానికి త్రాసు ఒక్కటే చాలదు. తూచే చేయి నిబ్బరంగా ఉండాలి. పరీక్ష ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తల్లిదండ్రులకు తెలియాలి. పరీక్ష చేయించుకునే స్వేచ్ఛతో పాటు వద్దనుకునే స్వేచ్ఛ కూడా వారికుండాలి. అత్తవారి ఒత్తిడి, ఇరుగుపొరుగు మాట, ఆసుపత్రి తొందర ఆ త్రాసును ఒక వైపు మొగ్గేలా చేయకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా, వైకల్యంతో పుట్టిన బిడ్డకు వైద్యం, చదువు, ఆదరణ లభిస్తాయన్న భరోసా సమాజం ఇవ్వాలి. ఆ భరోసా లేని చోట తల్లి చేసే నిర్ణయం పేరుకు మాత్రమే స్వతంత్రం.

లెజ్యూన్ నిర్ణయాలతో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. కాని ఆయన అడిగిన ప్రశ్నను దాటిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఇరవై ఒకటవ జంటకు మూడవది తోడైన బిడ్డల కోసం ఏటా మార్చి 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తున్నారు. మూడవ నెల, ఇరవై ఒకటవ తేదీ అనే ఆ అంకెలలోనే 1959 నాటి ఆవిష్కరణ దాగి ఉన్నది. సూక్ష్మదర్శినిలో గోతియే, లెజ్యూన్‌లు చూసినది ఒక అదనపు గీత. ఆ గీత వెనుక ఒక బిడ్డ ఉన్నదని, ఆ బిడ్డకొక పేరుంటుందని జీవితాంతం గుర్తుచేయడం లెజ్యూన్ మనకు మిగిల్చిన పాఠం.